అడుగు గొంతుకు మైకు ఎవరు పెడతారు?

సంగీతం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సభల్లో రెండు మాటలు వినిపిస్తుంటాయి. మైకు వచ్చి ప్రజాకళలను చంపేసిందన్నది మొదటిది. జాజ్ వంటివి పాశ్చాత్య నగరాల రాత్రి హోటళ్ళ సంగీతం, దానితో మనకు పనిలేదన్నది రెండోది. ఈ మాటలు అనేవాళ్ళు చిత్తశుద్ధి లేనివాళ్ళు కారు. కాని రెండు మాటల్లోనూ ఒకే లోపం ఉందని నా అభిప్రాయం. రెండూ సంగీతాన్ని పైనుంచి వింటాయి. పాట ఎవరు పాడుతున్నారో, ఏం పాడుతున్నారో చూస్తాం. ఆ పాట ఏ శబ్దం మీద నిలబడి ఉంది, ఆ శబ్దాన్ని మోసే మనిషికి ఎంత ముడుతోంది, అతని చప్పుడు ఆఖరి వరుసదాకా చేరుతోందా లేదా అన్నవి చూడం. పునాది గురించీ ఉపరితలం గురించీ ఇంతగా మాట్లాడే మనం సంగీతంలో పునాదిని వినడం ఇంకా నేర్చుకోలేదు.

ఈ లోపాన్ని నాకు మొదట చూపించింది పుస్తకం కాదు. పులివెందుల పక్కన మా లింగాలలో జరిగిన ఒక రాత్రి బుర్రకథ. నడుమ తంబుర భుజాన వేసుకున్న కథకుడు, చెరోపక్క గుమ్మెటలతో ఇద్దరు వంతలు. మైకు ఒక్కటే. అది కథకుడి నోటి ముందు నిలబెట్టారు. చింతచెట్టుకు కట్టిన హార్నులోంచి కథ ఊరి చివరిదాకా వినిపించింది. గుమ్మెట మాత్రం మూడో వరుస దాటలేదు. అర్ధరాత్రి దాటేసరికి ఒక వంత చేతివేళ్ళు పగిలి గుమ్మెట చర్మం మీద రక్తం మరక కనిపించింది. తెల్లవారి టీ బంకు దగ్గర అడిగాను, "పెద్దాయనా, అంత గట్టిగా ఎందుకు కొట్టినావు?" అని. ఆయన నవ్వి, "మైకు ఆయప్ప నోటికాడ ఉండాది నాయనా. మెల్లగా కొడితే నా గుమ్మెట నాకే యినపడదు. తాళం తప్పితే తిట్లు మాత్రం నాకే" అన్నాడు. కథకుడికి ముట్టినదానిలో సగం కూడా ఆయనకు ముట్టలేదని తర్వాత తెలిసింది.

ఆ మాట చాలా ఏళ్ళు నాలో ఉండిపోయింది. తర్వాతెప్పుడో జాజ్‌లో డబుల్ బేస్ వాయించేవాళ్ళ చరిత్ర చదువుతుంటే, అదే పెద్దాయన మరో భాషలో మాట్లాడుతున్నట్టనిపించింది.

డబుల్ బేస్ నిలువెత్తు వాద్యం. మనిషి నిలబడి, దాన్ని ఒంటికి ఆనించుకుని వాయించాలి. తీగ పొడవు మీటరు దాటుతుంది. నాలుగు తీగల్లో అన్నిటికన్నా మందమైనది సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ శబ్ద తరంగం పొడవు 8 మీటర్లకు పైగా ఉంటుంది, అంటే చిన్న గదిలో ఆ తరంగం పూర్తిగా పరుచుకోను కూడా చోటుండదు. పైగా మనిషి చెవి మంద్రస్థాయి శబ్దాలకు సహజంగానే మందం. గొంతుతో సమానంగా మంద్రం వినిపించాలంటే దానికి ఎన్నోరెట్లు శక్తి కావాలి. వాయించేవాడు ఎంత బలంగా లాగినా ఆ చెక్క పెట్టె ఇవ్వగలిగింది కొంతే. బాకాల మధ్య, డ్రమ్ముల పక్కన నిలబడినప్పుడు అతని గొడవ అక్కడే మొదలవుతుంది.

జాజ్‌లో ఈ వాద్యం చేసే పని ఏమిటి? 1920ల చివర, 1930లలో కాన్సస్ సిటీలో వాల్టర్ పేజ్ వంటివాళ్ళు స్థిరపరచిన పద్ధతిలో, బేస్ నాలుగు దెబ్బలకు నాలుగు స్వరాలు వేస్తూ నడుస్తుంది. దాని పేరే నడక బేస్. పైన బాకా వాళ్ళు ఎగరవచ్చు, పియానో వాడు ఆగవచ్చు. బేస్ ఆగడానికి వీల్లేదు. కాలం ఎంతైందో, పాట ఏ స్వర సమూహంలో ఉందో మిగిలినవాళ్ళకు ప్రతి క్షణం చెప్పేది అదే. సెక్కెం తోలేవాడి ఎద్దుల్లాంటి నడక అది. గింజ ఎవరి ఇంటికి పోయినా ఎద్దు మాత్రం అడుగు తప్పకూడదు.

ఇంత పని చేసేవాడు యంత్రానికి ఎలా వినిపించాడో చూద్దాం. 1925కు ముందు గ్రామఫోను రికార్డులు మైకు లేకుండా, పెద్ద గరాటా ముందు వాయించి తీసేవారు. ఆ గరాటాకు డబుల్ బేస్ శబ్దం దాదాపు అందేది కాదు. అందువల్ల చాలా బృందాలు రికార్డుల కోసం బేస్ బదులు ట్యూబా అనే పెద్ద బాకాను పెట్టుకునేవి. కింగ్ ఆలివర్ క్రియోల్ జాజ్ బ్యాండులో బిల్ జాన్సన్ పేరుపొందిన బేస్ వాద్యకుడు, వేళ్ళతో తీగలు లాగి వాయించే పద్ధతికి ఆద్యుల్లో ఒకడు. 1923లో ఆ బృందం మొదటి రికార్డులు తీసినప్పుడు అతను బేస్ పక్కన పెట్టి బ్యాంజో వాయించాడు. ఇవాళ ఆ రికార్డులు వింటే నల్లజాతి జాజ్ తొలి రూపంలో మంద్రం లేదనిపిస్తుంది. నాటి రాత్రి నృత్యశాలలో మంద్రం ఉంది. లేనిది దాన్ని వినగలిగే యంత్రం. చరిత్ర అనుకుని మనం వింటున్నది, ఆ యంత్రం వదిలిపెట్టగా మిగిలినది.

ఇక్కడే మనకు అత్యంత గౌరవనీయుడైన ఒక రచయితను ప్రశ్నించక తప్పదు. 1928లో మక్సీమ్ గోర్కీ ప్రావ్దాలో ఒక వ్యాసం రాసి, జాజ్‌ను బలిసినవాళ్ళ సంగీతమని ఈసడించాడు. ఇటలీలో రాత్రి నిశ్శబ్దంలో పక్క హోటలు రేడియోలోంచి వచ్చిన శబ్దం ఆ వ్యాసానికి ప్రేరణ. ఆ హోటల్లో నాట్యమాడే వర్గం మీద గోర్కీ కోపం న్యాయమైనదే. కాని నాటి రేడియో స్పీకర్లు మంద్రాన్ని సరిగా పలికించలేవు. అంటే గోర్కీ చెవికి చేరిన శబ్దానికి పై సగం ఉంది గాని అడుగు సగం బహుశా లేదు. దాన్ని వాయించినవాళ్ళ శ్రమ అసలే లేదు. వినియోగించే వర్గాన్ని బట్టి సృష్టించిన వర్గాన్ని తీర్పు చెప్పాడు. 1936లో జర్మన్ తత్వవేత్త అడోర్నో మారుపేరుతో రాసిన జాజ్ విమర్శకూ ఇదే దోషం పట్టింది. సరుకుగా మారిన రూపాన్ని అతను పదునుగా చూశాడు, ఆ సరుకును చేసిన చేతులను చూడలేదు. ఎరిక్ హాబ్స్‌బామ్ మాత్రం ఫ్రాన్సిస్ న్యూటన్ అన్న మారుపేరుతో 1959లో జాజ్ మీద పుస్తకం రాసినప్పుడు, సంగీతంతోపాటు దాని వ్యాపారాన్నీ, వాద్యకారుల బతుకునూ, శ్రోతలనూ కలిపి చూశాడు. మార్క్సిస్టు విమర్శకు కావలసిన చూపు అది.

1925 తర్వాత మైకుతో రికార్డింగు మొదలై బేస్ రికార్డుల్లోకి వచ్చింది. 1939లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలో చేరిన జిమ్మీ బ్లాంటన్ ఆ వాద్యాన్ని కథానాయకుడిలా మాట్లాడించాడు. 1942లో, 23 ఏళ్ళకే క్షయతో చనిపోయాడు. కాని వేదిక మీద గొడవ తీరలేదు. అమెరికాలో ఎవరెట్ హల్ అనే వాద్యకారుడు 1940లలో, బేస్ నేలకానే కడ్డీలోనే చిన్న మైకు అమర్చే ఉపాయం కనిపెట్టాడు. ఆంపెగ్ అన్న కంపెనీ పేరు దాన్నుంచే పుట్టింది. 1951లో లియో ఫెండర్ అసలు చెక్క పెట్టే అక్కరలేని విద్యుత్ బేస్ అమ్మకానికి తెచ్చాడు. గిటారులా మెడకు తగిలించుకోవచ్చు, కారులో వేసుకుని పోవచ్చు, ఎంత కావాలంటే అంత గట్టిగా వినిపించవచ్చు. నాట్యశాలల యజమానులకు అది లాభం. ఎన్నో ఏళ్ళు నిలువెత్తు వాద్యం మోసినవాళ్ళు దాన్ని ఇంట్లో పెట్టి కొత్తది కొనక తప్పలేదు, లేదా పని పోగొట్టుకున్నారు.

డబుల్ బేస్ వదలనివాళ్ళు బ్రిడ్జికి, అంటే తీగల బరువును పెట్టె మీదికి దించే చెక్కముక్కకు, పికప్ అంటించడం మొదలుపెట్టారు. ఒత్తిడిని విద్యుత్తుగా మార్చే స్ఫటికం అది. దాంతో ఇబ్బందులూ వచ్చాయి. ఆ స్ఫటికం ఇచ్చే సంకేతం ఎంత సున్నితమంటే, తగిన నిరోధం లేని ఆంప్లిఫయరుకు తగిలిస్తే మంద్రం పోయి గరగరా గీకినట్టు మాత్రమే వినిపిస్తుంది. మైకు వాడితే చెక్క శబ్దం నిజంగా పలుకుతుంది గాని పక్క డ్రమ్ము కూడా అందులో దూరుతుంది. అన్నిటికన్నా పెద్ద గొడవ కూత. స్పీకరులోంచి వచ్చిన శబ్దం మళ్ళీ వెళ్ళి బోలు పెట్టెను కదిలిస్తుంది, ఆ కదలిక పికప్ ద్వారా మళ్ళీ స్పీకరుకు చేరుతుంది, నిమిషంలో హాలంతా ఊళ పెడుతుంది. తన గొంతు తనకే తిరిగివచ్చి తనను ముంచడమన్నమాట. అందుకని రోజూ ఊళ్ళు తిరిగి వాయించేవాడు కొన్ని కిటుకులు నేర్చాడు. ఆంప్లిఫయరును మూలకు ఆనించడు, మూల మంద్రాన్ని అనవసరంగా ఉబ్బిస్తుంది. దాన్ని నేల మీద పెట్టక కుర్చీ మీదికెత్తుతాడు. పెట్టె రంధ్రాల్లో స్పాంజి కుక్కుతాడు. వాద్యం అసలు పలకని లోతుల్లోని గుడగుడను వడపోత పెట్టి కోసేస్తాడు. అవసరమైతే సంకేతం దిశను తిరగేస్తాడు. ఇవన్నీ చేసి, చివరకు శబ్దం కొంచెం తగ్గించి, తక్కినవాళ్ళను కూడా తగ్గించమంటాడు. ఈ చివరి పనే అన్నిటికన్నా కష్టం. ఎందుకంటే మొదటివన్నీ యంత్రానికి సంబంధించినవి, ఇది మనుషులకు సంబంధించినది.

ఉత్పత్తి సాధనాలు మారితే కళారూపం మారుతుందన్న సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. గొర్రెపేగుతో చేసిన తీగలున్నప్పుడు బేస్ వాద్యకుడు తీగను ఎత్తుగా కట్టి, చేయంతా పెట్టి లాగేవాడు. శబ్దం ధప్పున పుట్టి త్వరగా ఆరిపోయేది. ఉక్కు తీగలూ ఆంప్లిఫయరూ వచ్చాక తీగను మెడకు దగ్గరగా దించాడు. వేళ్ళు తేలికయ్యాయి, స్వరం ఎక్కువసేపు నిలిచింది, వేగంగా రాగాలు పలికాయి. దీన్ని చూసి ఒకరు కళ పతనమైందంటారు, మరొకరు ప్రగతి అంటారు. ఇద్దరూ యంత్రంతోనే మాట్లాడుతున్నారు. పేగు తీగల కాలంలో వేళ్ళు బొబ్బలెక్కిన సంగతి మొదటివారికి గుర్తుండదు. ఆంప్లిఫయరు ధరను వాద్యకారుడే భరించాడన్నది రెండోవారికి పట్టదు. నిజమైన ప్రశ్న వేరు. యంత్రం ఎవరిది? వేదిక మీద ఎవరి శబ్దం ఎంతుండాలో తేల్చేది ఎవరు?

ఈ ప్రశ్నను అందరికన్నా స్పష్టంగా అడిగినవాళ్ళలో చార్లెస్ మింగస్ ఒకడు. చిన్నప్పుడు చెల్లో నేర్చుకున్నాడు. నల్లవాడికి పాశ్చాత్య శాస్త్రీయ వాద్యబృందాల్లో చోటు దొరకని రోజులవి, అందుకని స్నేహితుడి సలహాతో బేస్ పట్టాడు. అంటే అతని వాద్యాన్ని ఎంచినదాంట్లో వర్ణవివక్ష చేయి కూడా ఉంది. 1952లో డ్రమ్ము వాద్యకుడు మాక్స్ రోచ్‌తో కలిసి సొంత రికార్డు కంపెనీ పెట్టాడు. 1957లో లిటిల్ రాక్‌లో నల్లపిల్లలను బడిలోకి రానివ్వకుండా సైనికులను నిలబెట్టిన గవర్నరును ఎగతాళి చేస్తూ పాట కట్టాడు. 1959లో పెద్ద కంపెనీ దాన్ని మాటలు లేకుండా విడుదల చేసింది. మాటలతో రావడానికి 1960లో చిన్న కంపెనీ కావలసివచ్చింది. అదే ఏడు న్యూపోర్టు ఉత్సవంలో వాద్యకారులకు జరుగుతున్న అన్యాయానికి నిరసనగా రోచ్‌తో కలిసి పోటీ ఉత్సవం నడిపాడు. న్యూయార్కులో 1967దాకా, మద్యం అమ్మే క్లబ్బుల్లో వాయించాలంటే పోలీసులిచ్చే కార్డు ఉండాలి. కార్డు పోతే పని పోయినట్టే. ఇవి తెలియకుండా జాజ్‌ను విలాస సంగీతమనడం, నేతగాడి మగ్గం చూడకుండా పట్టుచీర కట్టినావిడను బట్టి నేతపనిని తిట్టడంలాంటిది.

అయితే దీనికి వ్యతిరేక దిశలో కూడా జాగ్రత్త కావాలి. అడుగు శబ్దం కనుక అది అడుగువర్గాల శబ్దమని ఎవరైనా సూత్రీకరిస్తే అది యాంత్రికత అవుతుంది. 41 కంపనాలకు వర్గం లేదు. 1958లో అమెరికా విదేశాంగశాఖ డేవ్ బ్రూబెక్ బృందాన్ని పోలండు నుంచి మన దేశం దాకా తిప్పింది. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో అమెరికా స్వేచ్ఛకు అది ప్రచారం. ఆ బృందంలో బేస్ వాయించిన యూజీన్ రైట్ నల్లవాడు. మన ముందు అతను స్వేచ్ఛకు నమూనా. 1960లో అదే బృందం అమెరికా దక్షిణ రాష్ట్రాల కాలేజీలకు బయలుదేరితే, నల్ల బేస్ వాద్యకుడు వద్దని కాలేజీలు పట్టుబట్టాయి. అతన్ని మార్చడానికి బ్రూబెక్ ఒప్పుకోకపోవడంతో 20కి పైగా కచేరీలు రద్దయ్యాయి. విదేశంలో చూపించుకోవడానికి పనికివచ్చిన మనిషి స్వదేశంలో వేదికెక్కడానికి పనికిరాలేదు. ఒకే శబ్దం పాలకులకు ప్రచారమూ కాగలదు, వాళ్ళ బండారాన్ని బయటపెట్టనూగలదు. తేడా వస్తున్నది దాన్ని ఎవరు ఏ వేదిక మీద నిలబెట్టారన్నదాన్ని బట్టి.

చార్లీ హేడెన్ కథ దీనికి మరో కొస. చిన్నప్పుడు కుటుంబంతో కలిసి రేడియోలో పాడేవాడు. పోలియో గొంతును దెబ్బతీసింది. పాడలేక బేస్ వైపు తిరిగాడు. ఉక్కు తీగల కాలంలో కూడా పేగు తీగలను పూర్తిగా వదల్లేదు. 1969లో విమోచన సంగీత బృందం పేరుతో స్పెయిన్ అంతర్యుద్ధ గీతాలనూ, చే గువేరాకు అంకితమైన తన రచననూ రికార్డు చేశాడు. 1971 నవంబరులో, ఫాసిస్టు పాలనలో ఉన్న పోర్చుగల్‌లో వేదిక మీద ఆ రచనను మొజాంబిక్, అంగోలా, గినీ ప్రజల విమోచనోద్యమాలకు అంకితమిస్తున్నానని ప్రకటించాడు. మరునాడు విమానాశ్రయంలో రహస్య పోలీసులు అరెస్టు చేసి ప్రశ్నించారు. 1974లో ఆ పాలన కూలింది. గొంతు పోయినవాడు బేస్ పట్టాడు, దొరికిన మైకులో చెప్పవలసిన ఒక్క వాక్యం చెప్పాడు.

ఇప్పుడు లింగాలకు తిరిగి వద్దాం. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను రాజకీయ ఆయుధంగా మలిచింది. షేక్ నాజర్ దాన్ని శిఖరానికి చేర్చాడు. ఆయన పేరు మనందరికీ తెలుసు, తెలియవలసిందే. మరి ఆయన పక్కన గుమ్మెట వాయించినవాళ్ళ పేర్లు మనలో ఎందరు చెప్పగలరు? కథను ఆపి ప్రశ్న వేసేది వంత, రాజకీయం చెప్పేది వంత, నవ్వించేది వంత, తాళం మోసేది వంత. అయినా మన భాషలో వంత పాడటమంటే ఆత్మగౌరవం లేనివాడు చేసే పని. తాళం వేయడం, డప్పు కొట్టడం, భజన చేయడం కూడా తిట్లే. అడుగు వాద్యాలు మోసేవాళ్ళ పనినంతా మన పలుకుబడి నీచార్థంలోకి తోసింది. ఈ పలుకుబడులను ఆలోచించకుండా మన విమర్శ వ్యాసాల్లోనూ వాడుతున్నాం. నేనూ వాడాను.

అనంతపురం వైపు ఉరుము చూడండి. ఒక ముఖాన్ని కోలతో కొట్టి, రెండో ముఖాన్ని వంకరపుల్లతో రాస్తే మబ్బు ఉరిమినట్టు మూలిగే వాద్యమది. వాయించేది దళితులు. దేవర కదలాలంటే ఉరుము కావాలి, ఉరుమువాడు మాత్రం గడప బయట ఉండాలి. జాతర చెట్టుకు కట్టిన పాత హార్ను స్పీకరుకు మంద్రమంటే సరిపడదు. దాని లోహపు గొంతులో గాత్రం దూసుకుపోతుంది, ఉరుమూ గుమ్మెటా సన్నగిల్లిపోతాయి. కాబట్టి వాటి ముందు మైకు పెట్టినా ఆ రోజుల్లో అది సగం న్యాయమే అయ్యేది.

ఇవాళ పరిస్థితి తలకిందులైంది. పెళ్ళికైనా, పీర్ల పండగకైనా ట్రాక్టరు మీద మనిషెత్తు బాక్సులు వస్తున్నాయి. మంద్రం గుండెల మీద గుద్దుతోంది, కిటికీలు అదురుతున్నాయి. ఒకప్పుడు ఎవరికీ వినిపించని అడుగు శబ్దం ఇప్పుడు అందరికన్నా గట్టిగా వినిపిస్తోంది. కాని దాని వెనక చేయి లేదు. ఆ బాక్సుల వెనక నడుస్తున్న జనంలో డప్పు వదిలేసి కూలికి పోతున్నవాడు ఉన్నాడు. 1923లో మనిషి ఉన్నాడు, శబ్దం నమోదు కాలేదు. ఇప్పుడు శబ్దం ఉంది, మనిషి అక్కరలేదు. రెండు సందర్భాల్లోనూ యంత్రం వాద్యకారుడి చేతిలో లేదు. మైకు కళను చంపిందనే మాట అందుకే నాకు సరిపోదు. ఆ రాత్రి గుమ్మెట ముందు రెండో మైకు ఉంటే ఆ పెద్దాయన వేళ్ళు పగిలేవి కావు.

ఇది సిద్ధాంత చర్చగా ముగిస్తే ప్రయోజనం లేదు. మన సొంత సభల్లోనే కొన్ని పనులు రేపటినుంచి చేయవచ్చు. కళాబృందాన్ని పిలిచినప్పుడు అడుగు వాద్యానికి విడిగా మైకు, మంద్రం పలికే స్పీకరు ఏర్పాటు చేయాలి. పాట మొదలయ్యేముందు శబ్దం సరిచూసేటప్పుడు చివరి వరుసలో నిలబడి వినవలసింది వంతలే, నిర్వాహకులు కారు. కరపత్రం మీద కథకుడి పేరుతోపాటు వంతల పేర్లూ ఉండాలి. ముట్టేది సమానంగా పంచాలి. విమర్శ రాసేవాళ్ళు ఏం పాడారో రాసినట్టే, దేని మీద నిలబడి పాడారో రాయాలి. ఖర్చు ఎక్కువవుతుందని కొందరంటారు. నిజమే, రెండో మైకుకు డబ్బవుతుంది. మొదటి మైకుకు కూడా అయింది, అప్పుడు ఎవరూ ఆ మాట అనలేదు.

ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. గుమ్మెటకు మైకు ఎక్కడిదని ఆయన అడగకుండానే అడిగిన ప్రశ్న మాత్రం మన ముందే ఉంది. దానికి జవాబు చెప్పవలసినవాళ్ళం, మైకు అద్దెకు తెచ్చే మనమే.